ఇంజను తాగిన నూనె

"బల్బు యాడ?" అని అడిగింది నీలావతి.

నడవలో మగ్గం మీదికి దిగిన తీగకు ఖాళీ హోల్డరు వేలాడుతోంది. తెల్లవారింది గానీ వెలుతురు ఇంకా లోపలికి రాలేదు. కండెలకు పట్టు దారం చుట్టుకుందామని రాట్నం ముందు కూర్చున్న మనిషి స్విచ్చి నొక్కి, పైకి చూసి, అలాగే ఉండిపోయింది.

పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న తోడికోడలు గోవిందమ్మ తల ఎత్తలేదు. గడప మీద కూర్చున్న అత్త కుళ్ళాయమ్మ తమలపాకుకు సున్నం రాసి, రాసిన చోటే మళ్లీ రాసింది.

"అత్తా, నిన్నే అడుగుతాండా. బల్బు ఏమాయ?"

"మీ బావ తీసి పెట్టెలో పెట్టి బీగం ఏసినాడు. శుక్రవారం దాంకా ఎవురూ దీపం ముట్టేది లేదంట."

శుక్రవారం అనే మాట వినగానే నీలావతి స్విచ్చి మీద నుంచి చెయ్యి తీసేసింది. మొన్న ఆదివారం కులపెద్దల ముందు బావ వీరభద్రయ్య తేల్చి చెప్పాడు. శుక్రవారం చౌడమ్మ గుడిలో నీలావతి అరచేత్తో కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యాలి. ఎవరూ చూడకుండా కరెంటు కాల్చి ఇంటికి నష్టం తేలేదని చెప్పాలి. మూటగట్టుకుని పుట్టింటికి మోసుకుపోవడానికి కరెంటు ఏమైనా కందిపప్పా అని ఆ పెద్దల్లో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. అందరూ తలలూపి, కాఫీలు తాగి లేచారు.

పెరట్లో ముఖం కడుక్కుని వీరభద్రయ్య లోపలికి వచ్చాడు. తమ్ముడి భార్యతో ఆయన నేరుగా మాట్లాడడు. అది మర్యాద. తిట్టేటప్పుడు కూడా ఆ మర్యాద తప్పడు.

"అమ్మా, పొద్దున్నే ఏమంట రచ్చ?" అన్నాడు తల్లితో.

"చీకట్లో కండెలు ఎట్ల చుట్టేదని అడుగుతాండాది."

"ఎండొచ్చినాంక చుట్టమను. చీకట్లో చుట్టబట్టే గదా ఈ గాచారమంతా వచ్చింది."

నీలావతి రాట్నం పక్కకు తోసి లేచింది. "బావా, ఆ కండెలు నా ఒక్క మగ్గానికి గాదు. నీ మగ్గానికి గూడా నేనే చుడ్తాండా."

"అమ్మా, దానికి రొంత అర్థమయ్యేట్టు చెప్పు," అన్నాడు వీరభద్రయ్య తువ్వాలు దులుపుతూ. "సేటు మనకు పట్టు తూకం ఏసి ఇస్తాడు. చీర నేసి తీసకపోతే మళ్ల తూకం ఏస్తాడు. తగ్గితే ఏ మగ్గంలో తగ్గిందో ఆ మగ్గం కూలీలో కోస్తాడు. ఎవురో తీసింటేనే గదా కోసేది. కరెంటు కంపెనీవోడు మాత్రం బిల్లు ఊరికే ఎక్కువ రాసుకుంటాడా?"

"ఎండాకాలం పట్టు ఆరిపోయి తూకం తగ్గదా బావా? అప్పుడు గూడా మగ్గం మీద కూసున్నోడే దొంగనా?"

ఎండకు పట్టు తూకం తగ్గుతుందని ధర్మవరంలో మగ్గం ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. సేటు తక్కెడ ముందు మాత్రం ఎవడూ ఆ మాట అనడు. వీరభద్రయ్య తండ్రి ఒకసారి అనబోయి నలుగురిలో చెంపలు వేసుకుని వచ్చాడు. కొడుకు అది చూశాడు. చూసి నేర్చుకున్నది ఏమిటంటే, తక్కెడ తప్పు చెప్పదని.

"ఆ తెలివి సేటుకాడ చూపించమను," అన్నాడు ఆయన. "అమ్మా, ఈ నెల మనం కదిరి తేరుకు పోయింటిమి. మగ్గాలు నిలిచిండె. మీటరు తిరిగింది తక్కువ. అయినా బిల్లు పెరిగె. వెంకటస్వామి అయ్యవారు ఇంగ్లీషు సదివి చెప్పినాడు గదా, కింద ఇంకో వరస ఉండాది, అది పోయిన నెలల్లో కాలిన కరెంటు మీద ఎక్కువ అని. పోయిన నెలలు అంటే ఏవి? పుష్యం, మాగం. అప్పుడు కోడి కూయకముందే లేసి దీపం కింద కూసున్నది ఎవురు? నేనా, నువ్వా?"

బడి అయ్యవారు చదివిన మాట నిజమే. ఆ ముక్క చదివి, కళ్లజోడు మడిచి పెట్టుకుని, అంతకుమించి తనకు తెలియదని చెప్పకుండా ఇంటికి పోయాడు. తెలియదని ఒప్పుకునే అయ్యవారు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

నీలావతి మొగుడి వైపు చూసింది. ఓబులేసు కిటికీ పక్కనున్న తన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఒకసారి ఆగింది. అన్న దగ్గాడు. నాడె మళ్లీ నడిచింది.

పోయిన వారం పట్టు కోసం హిందూపురం పోయి వచ్చినప్పటి నుంచీ ఈ మనిషి మరీ మూగయిపోయాడు. అన్నం పెట్టినా తలెత్తడు, పక్కన పడుకున్నా పలకడు. అన్నకు భయపడే మనిషేనని ఆమెకు పెళ్లయిన మర్నాడే తెలుసు. ఇది ఆ భయంలా లేదు.

ప్రమాణానికి వెనుదీయాల్సిన తప్పు ఏదీ ఆమె చెయ్యలేదు. భయం అది కాదు. చౌడమ్మ ముందు కర్పూరం ఆర్పిన మనిషికి దసరా దాకా గడువు. ఆ లోపల ఆ మనిషి ఒంటికి గాని కడుపుకు గాని కీడు జరిగితే ప్రమాణం అబద్ధమని ఊరే తేల్చేస్తుంది. ఆ పైన ఆ ఇంట్లో ఆమెకు గుక్కెడు నీళ్లు పుట్టవు.

నీలావతికి నెల తప్పింది. ఆ సంగతి మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. మొదటి కాన్పు నిలవలేదు. ఇది నిలుస్తుందో లేదో మంత్రసానికే తెలియనప్పుడు, దాన్ని తీసుకుపోయి కరెంటు బిల్లుకు పూచీ పెట్టమంటున్నారు.

*

పక్కింటి నరసమ్మ వాకిట్లో పేడనీళ్లు చల్లుతోంది. నీలావతి చెంబు తీసుకుని బయటికి వచ్చి, మాటలో మాటగా అడిగింది.

"అక్కా, మీకు ఈ నెల కరెంటు బిల్లు ఎట్లొచ్చింది? ఒకసారి చూపిస్తావా?"

నరసమ్మ ముఖం ఠక్కున మూసుకుపోయింది. "ఎప్పటి మాదిరే వచ్చింది. మాకేమి ఎక్కువ రాలే."

"ఎక్కువ వచ్చిందా అని అడగలేదక్కా."

"ఏమోమ్మా, బిల్లు మా ఇంటాయన కాడుండాది. మా ఇంటి సంగతులు మీకేంటికి?" అని చల్లాల్సిన నీళ్లన్నీ ఒకచోటే పోసి లోపలికి పోయింది.

ఆ ఇంట్లో నరసమ్మ ఆడబిడ్డ రామాంజినమ్మ ఉండేది. మొగుడు పోయి అన్న పంచన చేరిన మనిషి. పోయిన వారం ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని గాండ్లపెంట బస్సెక్కింది. ఎందుకు పోతున్నావని వీధిలో అడిగితే చెప్పకుండా కళ్లు తుడుచుకుంది. నీలావతికి అప్పుడు ఆ సంగతి ఎందుకు గుర్తొచ్చిందో తనకే తెలియలేదు.

లోపలికి వచ్చి, గోడ కొక్కేనికి గుచ్చిన బిల్లు తీసి రవికలో దోపుకుంది.

"అత్తా, పెనుకొండకు పోయి మాయమ్మను చూసి వస్తా. ప్రమాణానికి ముందు పుట్టింటి పసుపు కుంకుమ తెచ్చుకోల్ల."

కుళ్ళాయమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "సాయంత్రానికి వచ్చెయ్," అంది.

*

రైలు పెనుకొండలో ఆగింది. కోట కొండ కింద తన పుట్టిల్లు ఉన్న వీధి ఎటువైపో నీలావతికి కళ్లు మూసుకున్నా తెలుసు. దిగలేదు. ఎదురుగా కూర్చున్న ముసలామె "ఇదే గదమ్మా మీ ఊరు?" అంటే, "ఈ పొద్దు గాదవ్వా," అంది.

హిందూపురంలో కరెంటు కంపెనీ ఆఫీసు వెతుక్కుంటూ పోయేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆఫీసు వెనకాల షెడ్డులో ఇంజను దడదడమని మోగుతోంది. నేల కాళ్ల కింద అదురుతోంది. ఇన్నాళ్లూ తన నడవలో చప్పుడు లేకుండా వెలిగిన దీపం వెనుక ఇంత గోల ఉందని ఆమె ఎరగదు.

బల్ల వెనక గుమాస్తా దేవసహాయం భోజనం ముగించి చేతులు తుడుచుకుంటున్నాడు. ఆడమనిషి ఒంటరిగా రావడం చూసి కుర్చీ చూపించాడు. నీలావతి కూర్చోలేదు. బిల్లు బల్ల మీద పెట్టింది.

"అన్నా, ఈ అడుగు వరస ఏందో నాకు చెప్పల్ల. నేను దొంగనో గాదో ఇది చూసి చెప్పు."

దేవసహాయం బిల్లు చూసి, ఆమెను చూసి, నిట్టూర్చాడు. "దొంగతనానికి దీనికి ఏమి సంబంధమమ్మా? ఆ చప్పుడు వినపడుతుందా?"

"వినపడతాండాది."

"ఆ ఇంజను తిరిగితేనే మీ ధర్మవరంలో దీపం. అది తిరగాలంటే నూనె తాగల్ల. మేము యూనిట్‌కు ఇంత అని రేటు కట్టిన నాటికి నూనె ధర ఒకటి. పోయిన చలికాలం ఆ సూయజు కాలవ మూతపడె. నూనె ఓడలన్నీ ఆ దేశం ఈ దేశం చుట్టుకొని వచ్చె. నూనె ధర ఎక్కె. ఎక్కిన ఎచ్చు మీమీద ఏసేదానికి సర్కారుతో మాకు ఒప్పందం ఉండాది."

"అయితే అప్పుడే ఎయ్యకుండా ఇప్పుడేంటికి ఏసినారు?"

"ఎంత నూనె తాగింది, ధర ఎంత ఎక్కింది, లెక్క తేలేదానికి నెలలు పడతాదమ్మా. తేలినాంక, ఆ చలికాలంలో ఏ ఇంట్లో ఎంత కాలిందో చూసి, దాన్నిబట్టి పంచుతాం. అది ఇప్పటి బిల్లులో వస్తాది. ఈ నెల నువ్వు దీపమే ముట్టించకపోయినా ఆ వరస వస్తాది."

నీలావతి ఆ మాటను లోపల తిప్పి తిప్పి చూసుకుంది. "అంటే, మేము ఎక్కువ కాల్చినామని గాదు."

"కాల్చింది కాల్చినంతే. అప్పుడు తక్కువ దుడ్లు తీసుకున్నాం, మిగతాది ఇప్పుడు అడుగుతాండాం."

"ఇది మా ఒక్క ఇంటికేనా?"

దేవసహాయం నవ్వాడు. "ఒక్క ఇంటికి ఎట్ల ఏస్తామమ్మా? తీగ పోయిన ప్రతి ఇంటికీ వచ్చింది. మీ వీధంతా వచ్చిండాది."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకున్న రామాంజినమ్మ కళ్ల ముందు నిలిచింది. ఊళ్లో ఎన్ని ఇళ్లలో తలుపులు వేసుకుని ఎవరిని పట్టుకుని ఎవరు నిలదీశారో. ప్రతి ఇల్లూ తనలోనే దొంగ ఉన్నాడనుకుంది. పరువు పోతుందని ప్రతి ఇల్లూ బిల్లు దాచుకుంది. దాచకుండా ఒకరి బిల్లు ఒకరు చూసుకుని ఉంటే చాలు కదా. నీలావతికి ఒళ్లు మండిపోయింది.

"ఇంత మంది ఏడుస్తాంటే మీరు ఒక మాట చెప్పల్ల గదన్నా."

"వచ్చి అడిగితే చెప్తాం. మీ ధర్మవరం నుంచి వచ్చి అడిగినోళ్లు ఇద్దరే. నువ్వొకతివి, ఆ ఇంకొకరు గూడా మీ ఇంటోళ్లే."

"మా ఇంటోళ్లా?"

"వీరభద్రయ్య అని పేరుండాది గదా ఈ బిల్లు మీద. ఆయన తమ్ముడు ఓబులేసు నీకేమైతాడు?"

నీలావతి చెయ్యి దానంతట అదే మెళ్లో పుస్తెలతాడు మీదికి పోయింది. దేవసహాయం అది చూసి గొంతు తగ్గించాడు.

"పోయిన బేస్తవారం వచ్చినాడు. పట్టు మూట ఒళ్లో పెట్టుకొని ఈ బల్ల మీదనే కూసున్నాడు. మళ్లమళ్ల చెప్పించుకున్నాడు. బాగా అర్థం చేసుకున్నాడమ్మా, తెలివిగల మనిషే. మీ అన్నకు చూపించేదానికి చీటీ రాసిస్తా అంటి. వద్దన్నాడు. నేనొచ్చి అడిగినానని ఎవురికీ చెప్పొద్దు సామీ అని చేతులు పట్టుకొని పోయినాడు."

బేస్తవారం. ప్రమాణం మాట పుట్టింది ఆ గురువారం తరవాత మూడు రోజులకు, ఆదివారం. కులపెద్దలు కాఫీలు తాగుతుంటే వాళ్లకు లోటాలు అందించినవాడు ఓబులేసే.

"నీకు కావాలంటే రాసిస్తా," అన్నాడు దేవసహాయం కాగితం లాక్కుంటూ.

"వద్దన్నా," అంది నీలావతి. "మా ఇంట్లో సదివేవాళ్లు లేరు. విన్నోడు ఒకడుండాడు."

*

మర్నాడు పొద్దున వీధిలో పడుగు సాగదీశారు. ఈ చివర గుంజ దగ్గర నీలావతి, ఆ చివర ఓబులేసు. మధ్యలో వీధి పొడవునా పసుపుపచ్చ పట్టు. తెగిన పోగులు అతుక్కుంటూ ఇద్దరూ మెల్లగా మధ్యకు వస్తున్నారు. గట్టిగా మాట్లాడితే వీధి వింటుంది. మాట్లాడకుండా ఉంటే ఇంక ఎప్పటికీ మాట్లాడలేనని ఆమెకు తోచింది.

దగ్గరికి వచ్చాక, పోగు మీద నుంచి కళ్లు ఎత్తకుండా అంది. "నిన్న నేను పోయింది పెనుకొండకు గాదు."

ఓబులేసు వేళ్లు ఆగిపోయాయి.

"ఇంజను శానా చప్పుడు చేస్తాది గదా," అంది ఆమె. "కూసున్న బల్ల గూడా అదురుతాది."

అతను తెగిన పోగు వెతుకుతున్నవాడిలా వంగాడు. "చెప్దామనే పోయింటి నీలా. వచ్చేసరికి అన్న పెద్దోళ్లకు కబురు పంపేసినాడు."

"పంపితే?"

"ఆయన ఎనకమాల పోయి, ఆయన మాట తప్పని తెలుసుకొని వచ్చినానని నలుగురిలో ఎట్ల చెప్పేది? ఆయన తల యాడ పెట్టుకోల్ల?"

"నా తల యాడ పెట్టుకోల్ల?"

"మగ్గం ఆయనది. ఇల్లు ఆయనది. నాయన పోయినాంక నన్ను సాకింది ఆయన." ఓబులేసు పోగు కొస వేలికి చుట్టుకున్నాడు. "నువ్వు తప్పు చెయ్యలేదు గదా. ఒక్కసారి ఆర్పేస్తే అయిపోతాది. చౌడమ్మకు తెలుసు లే."

"చౌడమ్మ చెప్పేది దసరాకు. నీకు పోయిన బేస్తవారమే తెలుసు."

అతను పక్క పోగు మీదికి చెయ్యి జరిపాడు.

"కడుపులో ఉండేది నిలవకపోతే," అంది నీలావతి, "మీయన్న దాన్ని గూడా తూకం ఏస్తాడు. తగ్గిందని నా లెక్కలో కోస్తాడు. అప్పుడు గూడా నువ్వు నాడె ఆడిస్తాంటావా?"

"అట్ల అనొద్దు."

"నేను అనేది అదొక్కటే. రేపు గుడిలో నేను నోరు తెరిచేలోపల నువ్వు తెరువు. ఇంకేమీ వద్దు. నాకు నీ చీర వద్దు, సొమ్ము వద్దు. ఒక్క మాట చాలు."

నరసమ్మ తలుపు తీసిన చప్పుడయింది. ఓబులేసు పడుగు పక్కగా తన చివరికి నడిచి పోయాడు. తెగిన పోగు అతకకుండానే వదిలేసి పోయాడు. దాన్ని నీలావతే అతికింది.

*

శుక్రవారం చౌడమ్మ గుడి ముందు వీధి వీధంతా చేరింది. నరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. వెంకటస్వామి అయ్యవారు ముందు వరసలో కండువా సర్దుకున్నాడు. వీరభద్రయ్య తల మీద నీళ్లు పోసుకుని తడి పంచెతో వచ్చాడు. ఆయన ముఖంలో కసి లేదు. రాత్రంతా నిద్ర లేని ముఖం. నిజంగానే ఇంట్లో దొంగ ఉందని నమ్మిన మనిషి ముఖం అది. నీలావతికి ఆయన మీద ఆ క్షణాన కోపం రాలేదు. రావలసిన కోపమంతా ఇంకొకరి మీదికి పోయింది.

పూజారి ఇత్తడి పళ్లెంలో కర్పూరం ముట్టించాడు. "అమ్మ ముందర నిజం చెప్పి ఆర్పు తల్లీ," అన్నాడు.

నీలావతి పళ్లెం అందుకుంది. అందుకుని ఆగింది.

ఓబులేసు అన్నకు అడుగు వెనకగా నిలబడ్డాడు. ఆమె చూసింది. అతను ఆమెను చూశాడు. పెదవులు కదిలాయి. అన్న పక్కకు తిరిగి "ఏమిరా?" అన్నాడు. ఓబులేసు పెదవులు మూసుకున్నాడు.

"ఆర్పమ్మా, కర్పూరం అయిపోతాది," అన్నాడు అయ్యవారు.

"ఆర్పుతా," అంది నీలావతి. "దీపం కింద నేను కూసున్నది మీ అందరికీ చీరలు నెయ్యను కండెలు చుట్టేదానికే. దాని మీద ఎన్నిసార్లయినా ఆర్పుతా. నా కడుపులో నలుసు ఉండాది, దాని మీద గూడా ఆర్పుతా."

ఆడవాళ్లలో గుసగుస లేచింది. కుళ్ళాయమ్మ "అయ్యో తల్లీ," అని కూలబడింది. గోవిందమ్మ మొగుడి భుజం పట్టుకుంది. వీరభద్రయ్య మొదటిసారి తమ్ముడి భార్య ముఖంలోకి నేరుగా చూశాడు.

"నాకంటే ముందు ఆర్పాల్సిన మనిషి ఒకడుండాడు," అంది ఆమె. నాలుగడుగులు నడిచి మొగుడి ముందు నిలబడి పళ్లెం చాచింది. "పోయిన వారం బేస్తవారం హిందూపురంలో నువ్వు పట్టు తప్ప ఇంకేమీ తెచ్చుకోలేదని, నీకేమీ తెలీదని చెప్పి ఆర్పు. నువ్వు ఆర్పినాంక నేను ఆర్పుతా."

"ఏందిరా ఇది? హిందూపురంలో ఏమి?" అన్నాడు వీరభద్రయ్య.

ఓబులేసు అన్న వైపు చూశాడు. పళ్లెం వైపు చూశాడు. అబద్ధం ఆడి ఆర్పితే ఆ కీడు ఎవరి కడుపుకు తగులుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ బిడ్డ అతని బిడ్డ కూడా.

"ఏమీ లేదన్నా," అన్నాడు ఓబులేసు.

అని, కుడిచెయ్యి ఎత్తి, అరచెయ్యి మంట మీదికి చాచాడు.

నీలావతి పళ్లెం వెనక్కి తీసుకోలేదు.